ఇల్లు ఆమె పేరున.. నక్ష మాత్రం ఆమెను అడగకుండానే!

మాలు మోసే చేతికి తాపీ అందేదెన్నడు?
గృహనిర్మాణ రంగంలో మహిళల పాట్లు

ఆదిలాబాద్:

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. కాని ఆ ఇల్లు కట్టేటప్పుడు ఇల్లాలిని ఒక్క మాట అడిగేవారు అరుదు. పునాది ఎక్కడ తీయాలో యజమాని, సుతారి మేస్త్రీ కలిసి తేలుస్తారు. వాస్తు చెప్పే పెద్దమనిషి తూర్పు, ఈశాన్యం చూపి పోతాడు. పట్నంలోనైతే ఇంజనీరు కాగితంపై గీతలు గీస్తాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ ఇంట్లో మసలే మనిషి మాత్రం ఇసుక కుప్ప పక్కన నిలబడి కూలీలకు చాయ్ పోస్తూ ఉంటుంది.

ఇందులో విచిత్రం ఏమంటే, ఇల్లు కట్టడం ఈ ప్రాంతపు ఆడవారికి కొత్త విద్య కాదు. మట్టి గోడలు మెత్తినవారు, పేడతో అలికినవారు, జాజు పూసి సున్నపు గీతలు దిద్దినవారు వారే. గోండు గూడేలలో తడికల గోడకు మట్టి పూత నిలిచేది ఆడవారి చేతి చలవ వల్లనే. ఏటా పుష్యమాసంలో ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశపు ఆడపడుచులు కోనేటి నీళ్లతో మట్టి కలిపి పుట్టలు చేస్తారు. దేవుని ముంగిట మన్నించే ఆ చేతిపనికి సిమెంటు వచ్చాక విలువ లేకుండా పోయింది. మట్టి ఇల్లు పోయి స్లాబు ఇల్లు రాగానే సుతారి పని మగవారిది, మోత పని ఆడవారిది అయిపోయింది.

అడ్డా మీద ఆడకూలి

తెల్లవారగానే పట్టణాల్లోని కూలి అడ్డాల వద్ద సద్దిమూటలతో నిలబడేవారిలో ఆడవారు తక్కువేమీ కాదు. కంకర ఎత్తడం, మాలు కలపడం, తట్టలు మోయడం, గోడలు తడపడం వారి వంతు. పదేళ్లు చేసినా అదే పని. పక్కన నిలబడి ఇటుకలు అందించిన కుర్రవాడు రెండేళ్లలో తాపీ పట్టి మేస్త్రీ అవుతాడు. వాడికంటె ముందు నుంచి మాలు అందిస్తున్న ఆడమనిషి మాత్రం కూలిగా వచ్చి కూలిగానే ముసలిదవుతుంది. మేస్త్రీకి, కూలికి మధ్య రోజు కూలిలో ఉన్న తేడా ఆమె బతుకంతా పేరుకుపోతుంది. ఆడవారికి తాపీ పని చేతకాదని కాదు. నేర్పినవారు లేరు, అంతే.

చంటిబిడ్డ తల్లి కష్టం వేరే చెప్పాలి. ఇసుక కుప్ప మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టి, సెంట్రింగ్ కర్రకు చీర ఉయ్యాల కట్టి పనిలో దిగుతుంది. కట్టేది ఎన్ని గదుల ఇల్లయినా పని జరిగినన్నాళ్లు ఆడకూలికి మరుగుదొడ్డి ఉండదు. పొద్దంతా నీళ్లు తాగకుండా ఓర్చుకుని రోగాలు తెచ్చుకునేవారు ఎందరో.

ఈ బాధను దేశంలో మొదట గుర్తించి పనిలోకి దిగినవారిలో మీరా మహదేవన్ ఒకరు. 1969లో గాంధీజీ శతజయంతి ఏర్పాట్లకు ఢిల్లీ రాజ్‌ఘాట్ వద్ద కట్టడాలు సాగుతుండగా, దుమ్ములో పడి ఉన్న కూలీల పసిపిల్లలను చూసి ఆమె అక్కడే ఒక డేరాలో శిశు సంరక్షణ కేంద్రం తెరిచారు. అదే ‘మొబైల్ క్రెష్’ సంస్థకు నాంది. పని ఎక్కడికి పోతే పిల్లల కేంద్రం కూడా అక్కడికే పోవాలన్నది ఆమె ఆలోచన.

చదువుకున్నా తప్పని తంటా

ఇదంతా చదువు లేని కూలీల సంగతి అనుకుంటే పొరపాటు. అయిదేళ్లు ఆర్కిటెక్చర్ చదివి, 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద పేరు నమోదు చేయించుకున్న ఆడపిల్లలకూ ఇలాంటి చిక్కులే ఎదురవుతాయి. రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసులో కూర్చుంటేనే పనిమంతులన్న పేరు. ఆ వేళకు ఇల్లు చేరడం ఎట్లాగన్నది ఎవరికీ పట్టదు. సైటుకు పోతే, నక్ష గీసిన ఆమె చెప్పే మాట కంటె ఆమె వెంట వచ్చిన మగ సహాయకుడి మాటకే మేస్త్రీ తల ఊపుతాడు. పెళ్లయితే “ఇక సైటు పని నీకెందుకమ్మా” అని లోపలి అలంకరణ పనులు అప్పగిస్తారు. కాన్పు తర్వాత తిరిగి వచ్చేసరికి కిందివాడు పైవాడై ఉంటాడు.

దేశంలో ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకున్న తొలి మహిళగా చెప్పే పెరిన్ మిస్త్రీ 1936లోనే బొంబాయి జె.జె. స్కూలులో చదువు పూర్తి చేశారు. ఇంజనీరింగులో మన తెలుగింటి ఆడపడుచు ఎ.లలిత కథ ఇంకా గొప్పది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చేతిలో నెలల బిడ్డతో మిగిలిన ఆమె మద్రాసు గిండీ కాలేజీలో చేరి, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికి వచ్చారు. పట్టా కాగితం మగవారి కోసమే అచ్చయి ఉన్నందున ‘అతడు’ అన్న చోట కొట్టివేసి ‘ఆమె’ అని చేత్తో దిద్దవలసి వచ్చిందట. భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో ఆమె పాలుపంచుకున్నారు. తండ్రి అదే కాలేజీలో ప్రొఫెసరు కావడం, పుట్టినింటివారు అండగా నిలవడం ఆమెకు కలిసివచ్చాయి. అటువంటి అండ లేని ఆడపిల్లల మాటేమిటన్నదే అసలు ప్రశ్న. ఒకరిద్దరి మొక్కవోని పట్టుదలను మెచ్చుకుని ఊరుకుంటే మిగిలినవారికి దారి పడదు.

పని ఇద్దరిది, పేరు ఒకరిది

పేరు దగ్గర కూడా పేచీ ఉంది. అమెరికాలో డెనీస్ స్కాట్ బ్రౌన్, ఆమె భర్త రాబర్ట్ వెంచూరి కలిసి భవనాలకు రూపకల్పన చేశారు, కలిసి పుస్తకం రాశారు. 1991లో ఆ రంగంలో అన్నింటికంటె పెద్దదిగా పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి మాత్రం భర్తకొక్కడికే దక్కింది. 2013లో హార్వర్డ్ విద్యార్థినులు సంతకాలు సేకరించి ఆమెను కూడా చేర్చమని కోరినా బహుమతి సంఘం ఒప్పుకోలేదు. 1979లో మొదలైన ఆ బహుమతి ఒక మహిళకు దక్కడానికే పాతికేళ్లు పట్టింది. 2004లో జహా హదీద్ దానిని అందుకున్నారు.

మన పొలాల్లోనూ ఇదే వరస. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఆడది. రైతు అని పిలిచేది మాత్రం మగవాణ్ని. కనుక ఈ మాట మన రైతు కుటుంబాలకు విడమరచి చెప్పనక్కరలేదు.

అడుగులు లెక్కపెట్టిన ఆమె

స్త్రీవాదమంటే మగవారి మీద కత్తి కట్టడమని కొందరి భయం. ఇల్లు కట్టే పనిలో దాని అర్థం బహు సులువైనది. ఎవరు ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉంటారో, ఎవరు ఎక్కువ బరువు మోస్తారో వారిని కూడా అడిగి కట్టడం. పనిచేసేవారికి ఇల్లూ పిల్లలూ ఉంటారని ఒప్పుకుని పనివేళలు పెట్టడం.

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్లు కట్టేటప్పుడు మార్గరెట్ షుట్టె లిహోట్జ్‌కీ అనే మహిళా ఆర్కిటెక్టు వంట చేసేవారు ఎన్ని అడుగులు నడుస్తున్నారో, ఏ పనికి ఎంతసేపు పడుతోందో లెక్కగట్టి చూశారు. రైలు పెట్టెలోని వంటగదిని నమూనాగా తీసుకుని, చెయ్యి చాచితే అన్నీ అందే చిన్న వంటిల్లు గీశారు. దాదాపు పదివేల ఇళ్లలో అటువంటి వంటిళ్లు అమర్చారు. ఆ ఇరుకు గదిలో ఇల్లాలు ఒంటరిదైపోయిందని తర్వాతి తరం స్త్రీలే విమర్శించారు. అదీ నిజమే. అడిగి కట్టడమంటే ఒక్కసారి అడిగి ఊరుకోవడం కాదని దీనివల్ల తెలుస్తోంది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ పాకిస్తాన్‌లో యాస్మీన్ లారీది. ఆ దేశపు తొలి మహిళా ఆర్కిటెక్టు అయిన ఆమె, పెద్ద పెద్ద భవనాల పని మానుకుని పల్లెలకు మళ్లారు. నేలమీద కూర్చుని పొగలో కళ్లు పోగొట్టుకునే ఆడవారి చేతనే మట్టి, సున్నంతో ఎత్తయిన అరుగు మీద పొగ తక్కువ వచ్చే పొయ్యిలు కట్టించారు. నేర్చుకున్నవారు పక్క ఊళ్లకు పోయి నేర్పుతూ నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. 2023లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ సంస్థ ఆమెకు స్వర్ణ పతకం ఇచ్చింది.

తాపీ పట్టిన ఆడవారు మన దేశంలోనూ ఉన్నారు. 1993లో లాతూర్ భూకంపం తర్వాత మహారాష్ట్ర పల్లెల్లో ఇళ్లు తిరిగి కట్టే పనిలో మహిళా సంఘాలు ముందు నిలిచాయి. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణంలో వేలాది మహిళలు మేస్త్రీలుగా తయారై ‘రాణీ మిస్త్రీ’లనే పేరు తెచ్చుకున్నారు.

చట్టాలు ఏమంటున్నాయి?

ఆడకూలికి చట్టం అండ లేదని అనుకోరాదు. ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. ఇవన్నీ కొత్త కార్మిక స్మృతుల్లో కలిసిపోయి, 2025 నవంబర్ 21 నుంచి ఆ స్మృతులు అమలులోకి వచ్చాయి. సమాన కూలి సూత్రం వాటిలోనూ ఉంది. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వయసు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణపు పని చేసినవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. తట్ట మోసే ఆడకూలీ కార్మికురాలే. భర్త పేరు ఉన్నంతమాత్రాన ఆమె పేరు అక్కరలేదనుకోవడం తప్పు.

ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతపు సెలవు 2017 నుంచి ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. చిక్కు ఇక్కడే ఉంది. మన ఊళ్లలో ఇల్లు కట్టేది పదిమంది కూడా లేని జట్లు. పట్నంలో ఆర్కిటెక్టుల ఆఫీసుల్లో చాలామటుకు చిన్నవే. చట్టం గీసిన గీతకు కిందనే ఎక్కువమంది ఉండిపోతున్నారు. పని స్థలంలో లైంగిక వేధింపుల విషయంలో మాత్రం 2013 నాటి చట్టం ఈ లోటును పూడ్చింది. పదిమంది లేని చోట పనిచేసేవారు జిల్లా స్థానిక కమిటీకి మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంగతి అడ్డాల వద్ద బోర్డుపై రాసి పెడితే ఎంతో మేలు.

చేయవలసిందేమిటి?

2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఇల్లు మహిళ పేరునే మంజూరవుతోంది. కనీసం 400 చదరపు అడుగుల ఇంటికి 5 లక్షల రూపాయల సాయం విడతలుగా అందుతుంది. కట్టుకునేది లబ్ధిదారులే. అంటే ఎక్కడ వంటిల్లు, ఎక్కడ జాలారి అని చెప్పే హక్కు ఆమె చేతిలోనే ఉంది. దానికోసం ఏ ఉత్తర్వూ అక్కరలేదు. ముగ్గు పోసే రోజున ఇంటి మగవారు, మేస్త్రీ ఆమెను పక్కన నిలబెట్టుకుని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. పొగ ఎటు పోవాలి? నీళ్ల బిందె ఎటునుంచి రావాలి? రాత్రివేళ మరుగుదొడ్డికి దూరం ఎంత? మన ఎముకలు కొరికే చలికి, ఎండాకాలపు వడగాడ్పుకు కిటికీ ఏ గోడకు ఉండాలి?

ఇక పని నేర్పడం సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ నిర్మాణ అకాడమీ వంటి సంస్థలు సుతారి పనిలో ఇచ్చే శిక్షణలో మహిళలకు విడిగా జట్లు పెట్టాలి. శిక్షణ రోజులకు కూలి కట్టివ్వాలి. కూలి పోగొట్టుకుని నేర్చుకునే స్తోమత అడ్డా మీది ఆడవారికి లేదు. గ్రామ మహిళా సంఘాలు పూనుకుంటే, ఒక్కో ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఆడ మేస్త్రీలు తయారు కావడం అసాధ్యమేమీ కాదు. ఇల్లు కట్టించేవారు పని మొదలుపెట్టే రోజునే తడకలతో ఒక మరుగుదొడ్డి, పసిపిల్లలకు నీడపట్టున ఒక డేరా వేయిస్తే అయ్యే ఖర్చు స్లాబు ఖర్చులో లెక్కలోకి రాదు.

చదువుకునే ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా ఆలోచించాలి. ఇంటర్ తర్వాత ‘నాటా’ పరీక్ష రాసి ఆర్కిటెక్చరులో చేరవచ్చన్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. బాసర ట్రిపుల్ ఐటీలో సివిల్ ఇంజనీరింగ్ ఉంది. గోడలు అలికిన అమ్మ చేతి ఒడుపు, కాలేజీలో నేర్చిన లెక్క ఒక్కచోట కలిస్తే ఈ గడ్డ చలికి, ఎండకు తగిన ఇళ్లు గీసేవారు ఈ గడ్డ నుంచే వస్తారు. అప్పుడు గృహప్రవేశం నాడు పసుపు కుంకుమ ఇచ్చి కొత్త చీర పెట్టవలసిన వారిలో ఆ ఇల్లు గీసినామె, గోడ లేపినామె కూడా ఉంటారు.