ఉమీద్ పోర్టల్ చివరి రోజుల్లో ఎందుకు మొరాయించింది?

వక్ఫ్ ఆస్తుల నమోదుకు కేంద్రం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెచ్చింది. గడువు ఆరు నెలలు. చివరి రోజుల్లో సర్వర్ స్లో అని, కాగితాలు అప్‌లోడ్ కావట్లేదని ముతవల్లీలు మొత్తుకున్నారు. మెదక్ ఖబ్రస్తాన్ కాగితాలైనా, ముంబై దర్గావైనా వెళ్లాల్సింది ఆ ఒక్క పోర్టల్‌కే. గడువు పెంచడానికి సుప్రీంకోర్టు డిసెంబర్ 1న ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. ఆఖరికి 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైతే, ఆమోదం పొందినవి 2.16 లక్షలే. ముతవల్లీ నింపాక బోర్డు పరిశీలించి, ఆపైన ఆమోదించాలి కాబట్టి నెపమంతా సర్వర్‌దే కాదు.

పోర్టల్‌ను తయారుచేసి వదిలేస్తే సరిపోదు. పేజీ ఎన్ని సెకన్లలో తెరుచుకుంటోంది, వందలో ఎన్నిసార్లు ఎర్రర్ వస్తోంది, డేటాబేస్ మీద ఎంత బరువు పడుతోంది అని నిమిష నిమిషం కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. హద్దు దాటగానే ఇంజినీర్ ఫోన్ మోగాలి, అదనపు సర్వర్లు కలపాలి. రంజాన్ ఆఖరి పది రోజుల రద్దీ బట్టల దుకాణదారుడికి ముందే తెలుసు. గడువు తేదీ రద్దీ కూడా అలాంటిదే.

పోర్టల్ ఆగిపోతే తేదీ, టైం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సర్వర్ లాగ్‌లో ఆ తప్పును వెతికేది టైం బట్టే. ట్రిబ్యునల్ ముందు చూపడానికీ అది పనికొస్తుంది.