కొత్త కారు ఎందుకు చెడుతుంది?

కనిగిరిలో మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నిరుడు బ్యాంకులో అప్పు తీసుకుని కొత్త కారు కొన్నారు. నాలుగు వేల కిలోమీటర్లు తిరగకముందే క్లచ్ జారడం మొదలుపెట్టింది. ఇంజను రొద చేసేదే గాని బండి ముందుకు సాగేది కాదు. ఒంగోలు తీసుకుపోతే, "క్లచ్ ప్లేటు అరిగే వస్తువు, దానికి వారంటీ లేదు, మీరు పెడలు మీద కాలు ఆనించి నడుపుతున్నారు" అని చెప్పి, డబ్బు కట్టించుకుని కొత్తది వేశారు. మాస్టారు పాత ప్లేటును, దాని మూతను అడిగి తీసుకుని, గోనెసంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చారు.

"నాయనా, నువ్వు ఫిజిక్సు చెబుతావు గదా. పాతబడింది చెడితే అర్థమున్నది. కొత్తది ఎందుకు చెడాలి?" అన్నారు.

మంచి ప్రశ్న. ఒకే రకపు యంత్రాలు వేలకొలది తీసుకుని, పనిచేస్తున్న వాటిలో నెలనెలకు ఎన్నోవంతు చెడుతున్నవో లెక్కించి గీత గీస్తే అది స్నానపుతొట్టి ఆకారంలో వస్తుంది. మొదట ఎత్తుగా ఉండి త్వరగా దిగుతుంది. చాలాకాలం సమంగా నడుస్తుంది. చివర మళ్ళీ పైకి లేస్తుంది. మనుష్యుల మరణాల లెక్క కూడా ఇటువంటిదే. పసితనంలో గండాలు ఎక్కువ, నడివయస్సులో తక్కువ, వార్ధక్యంలో మళ్ళీ ఎక్కువ. యంత్రానికి పసితనపు గండాలంటే తయారీలో దొర్లిన లోపాలు: సరిగా బిగించని బోల్టు, అంచు చిరిగిన సీలు, పోతలో మిగిలిన బుడగ. అవి ఉన్న బండ్లు తొలినాళ్ళలోనే బయటపడతాయి. లేనివి నిలకడగా నడుస్తాయి.

ఈ మూడు దశలనూ ఒకే సూత్రంలో ఇమిడ్చి చూపడానికి వీలు కల్పించినవాడు స్వీడన్ దేశపు ఇంజనీరు వాలొడి వైబుల్. 1951లో ఆయన ప్రకటించిన వ్యాసంలో ఉక్కు బలంతోపాటు భారతదేశపు పత్తి నారల బలం కూడా ఉదాహరణగా ఉన్నది. ఆయన సూత్రంలోని ఆకార సంఖ్య ఒకటికన్న తక్కువైతే వైఫల్యపు రేటు రోజురోజుకు తగ్గుతుంది, ఒకటైతే మారదు, ఎక్కువైతే పెరుగుతుంది. చెడిన బండ్ల వయస్సులు చేతిలో ఉంటే ఈ సంఖ్యను కట్టి, లోపం పుట్టుకతో వచ్చినదా, వాడకంతో వచ్చినదా ఊహించవచ్చును.

కర్మాగారంవారు ఎంత జాగ్రత్త తీసుకున్నా లోపాలు పూర్తిగా పోకపోవడానికి మరొక కారణమున్నది. ఏ ఒక్కటి చెడినా బండి ఆగిపోయే భాగాలు వెయ్యి ఉన్నవనుకొందాం. ఒక్కొక్కటి చెడకుండా ఉండే అవకాశం వెయ్యింటికి 999. వినడానికి బాగానే ఉన్నది. కాని అన్నీ బాగుండే అవకాశం కావాలంటే 0.999ని వెయ్యిసార్లు హెచ్చించాలి. వచ్చేది సుమారు 0.37. అనగా నూరు బండ్లలో అరవైమూడు ఎక్కడో ఒకచోట చెడుతవి! ఒక్కొక్క భాగం పదివేలకు 9,999 పాళ్ళు నమ్మకమైనదైతే గాని నూటికి తొంభై బండ్లు గట్టెక్కవు.

వారంటీ అనే పూచీ ఈ తొట్టి ఎడమగోడకోసం ఏర్పడినది. ఆ ఖర్చు ఎంత వస్తుందో కంపెనీ ముందే లెక్కకట్టి ధరలో కలుపుతుంది. సహజంగా అరిగే క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపర్ల వంటివాటిని అది సాధారణంగా పూచీనుంచి తప్పిస్తుంది. పేచీ అంతా ఇక్కడే. అరిగినదా, అరిగేటట్లు మరొక లోపం చేసినదా?

కంపెనీ గీసిన కాలపుగీతను లోపాలు ఎప్పుడూ గౌరవించవు. దీనికి మంచి దృష్టాంతం మన రోడ్లమీద దాదాపు కనిపించని ఒక రెండు తలుపుల పందెపు తరహా కారు. టొయోటా, సుబారు కలిసి రూపొందించగా, 2012 నుంచి జపాన్‌లోని సుబారు కర్మాగారంలో తయారైన కూపే అది. టొయోటా 86, సుబారు బీఆర్‌జడ్ అని రెండు పేర్లతో వచ్చింది. అమెరికాలో టొయోటావారు మొదట సయాన్ ఎఫ్ఆర్-ఎస్ అని అమ్మారు. అక్కడ ఇంజనుకు ఇచ్చిన పూచీ ఐదేళ్ళు లేదా 60,000 మైళ్ళు. 2018 నవంబరులో, తొలి సంవత్సరాల బండ్లలో వాల్వు స్ప్రింగులు విరగవచ్చునని కంపెనీలే ప్రకటించి వాటిని వెనక్కు పిలిచాయి. అప్పటికి తొలి కొనుగోలుదారులకు ఐదేళ్ళు దాటిపోయినవి. అయినా ఇటువంటి పిలుపు వచ్చినప్పుడు పూచీ గడువుతో నిమిత్తం లేకుండా మరమ్మతు ఉచితంగానే చేయాలి.

స్ప్రింగు అంత ఆలస్యంగా ఎందుకు విరుగుతుంది? ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు పదిహేను వందలసార్లు తెరుచుకుంటుంది. గంటన్నర ప్రయాణానికి ఒక్క స్ప్రింగు 1,35,000 సార్లు నలుగుతుంది. ఉక్కులో కంటికి కనబడని మలినపు రేణువు ఒకటున్నా, అక్కడ పుట్టిన పగులు నలిగినప్పుడల్లా అతి స్వల్పంగా ముందుకు జరుగుతూ ఏనాడో తెగుతుంది. లోహం అలసటంటే ఇదే.

కథ అంతటితో ముగియలేదు. ఆ ఇంజనులో సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. స్ప్రింగులు మార్చాలంటే ఇంజనును దించి, ముందరి మూతను విప్పి, మళ్ళీ సిలికోను జిగురుతో అతికించాలి. ఈ మరమ్మతు తరువాత తమ ఇంజన్లు బిగిసిపోయాయని కొందరు యజమానులు ఫిర్యాదు చేశారు. ఎక్కువైన జిగురు లోపలికి ఊడి, ఆయిలు పీల్చే జల్లెడకు అడ్డుపడితే బేరింగులకు ఆయిలు అందదు. వైద్యమే కొత్త జబ్బు తెచ్చినట్లయింది. స్నానపుతొట్టి ఎడమగోడ ప్రతి మరమ్మతు తరువాతా కొంత మళ్ళీ లేస్తుందని యంత్రాలతో పనిచేసేవారికి తెలిసిన సంగతే.

"అదే కారున్న నలుగురిని అడిగాను, ముగ్గురు ఇదే బాధ చెప్పారు" అన్నారు మాస్టారు. నేను ఒప్పుకోలేదు. బాధ ఉన్నవాడే నోరు విప్పుతాడు. బాగున్నవాడు బండెక్కి పోతాడు. ఫిర్యాదులు లవం మాత్రమే, హారం కావాలంటే ఎన్ని బండ్లు అమ్మారో తెలియాలి. మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న వాహనాలను వెనక్కు పిలిపించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చినప్పుడు కూడా, ఎన్ని ఫిర్యాదులు రావాలన్నది అమ్మకాలనుబట్టే నిర్ణయించారు.

ఒక్క యజమానికి మరొక దారి ఉన్నది. 2020 జూలైలో అమలుకు వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును, గడువు రెండేళ్ళు. అవసరమైతే కమిషన్ వస్తువును పరీక్షశాలకు పంపిస్తుంది. అయితే, చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో మాత్రమే పూచీలో ఉన్నప్పుడు మొత్తం కారునే మార్చి ఇమ్మనడం తగదని ఒక కేసులో సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. కొత్తకారు వస్తుందని ఆశపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక గోనెసంచి విప్పాము. పెడలు మీద కాలు ఆనించి నడిపితే ప్లేటు రాపిడికి వేడెక్కి సమంగా అరుగుతుంది. దానిని నొక్కే లోహపు ముఖంమీద నీలిమచ్చలు పడతాయి. ఉక్కు సుమారు 300 డిగ్రీల వేడి తిన్నదనడానికి ఆ నీలమే సాక్ష్యం. మాస్టారి ప్లేటుకు మందం మిగిలే ఉన్నది. మూతలోని లోహం తెల్లగా ఉన్నది. ప్లేటు ఒకవైపు మాత్రం నల్లగా, జిడ్డుగా, ఆయిలు కంపు కొడుతున్నది. ఇంజను వెనుక, క్రాంకుషాఫ్టు బయటికి వచ్చేచోట ఉండే సీలు కారుతుంటే ఇట్లా అవుతుంది. ఆయిలు తడిసిన చోట ఘర్షణ ఉండదు, క్లచ్ జారక ఏమి చేస్తుంది? ఈ సంగతులన్నీ కాగితంమీద రాసి, ఫోటోలతో సహా ఇచ్చి పంపాను.

కొత్త ప్లేటు కూడా రెండు వేల కిలోమీటర్లకే జారేసరికి ఈసారి వారు విప్పి చూడక తప్పలేదు. సీలు అంచు మడతపడి ఉన్నది. సీలు పూచీలో ఉన్న వస్తువు గనుక ప్లేటుతో సహా ఉచితంగా మార్చి, మొదట కట్టించుకున్న సొమ్ము తిరిగి ఇచ్చారు. ఒంగోలుకు నాలుగుసార్లు తిరిగిన ఖర్చు మాత్రం మాస్టారిదే. ఆ పాత ప్లేటు ఇప్పుడు మా కళాశాల ప్రయోగశాలలో ఉన్నది. ఘర్షణ పాఠం వచ్చినప్పుడు పిల్లలకు చూపిస్తుంటాను; ఆయిలు వాసన ఇంకా పోలేదు.