బుడిపెకు భయపడాలి, సొట్టకు కాదు

కారు చక్రం గుంతలో దబ్బున పడుతుంది. గాలి దిగదు, టైరు మీద గీత కూడా కనిపించదు. కొన్నాళ్లకు చూస్తే టైరు పక్కగోడ మీద పది రూపాయల బిళ్లంత బుడిపె! ‘గాలి నిలుస్తోంది కదా, ఇంకొంతకాలం నడపొచ్చా?’ వానాకాలంలో కార్లున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

నడపకూడదు. టైరు మార్చాల్సిందే.

నేలను తాకే ట్రెడ్ భాగంలో మేకు దిగి, రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటకపోతే సాధారణంగా లోపలి నుంచి బాగుచేయవచ్చు. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే చట్టప్రకారమే టైరు మార్చాలి. ఇవి చాలామందికి తెలిసినవే. అసలు కథంతా బుడిపెది.

టైరంటే రబ్బరని అనుకుంటాం. నిజానికి రబ్బరు గాలిని బయటికి పోనివ్వదు, అంతే. ఆ గాలి ఒత్తిడిని మోసేవి రబ్బరు పొరల్లో దాగిన పాలియెస్టర్ దారాలు. 33 పీఎస్‌ఐ గాలి కొట్టిస్తే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 2.3 కిలోల తోపుడు పడుతుంది. పది రూపాయల బిళ్లంత చోట అది దాదాపు 13 కిలోలు. వేగంగా వెళ్తున్న చక్రం గుంత అంచును ఢీకొన్నప్పుడు పక్కగోడ ఆ అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి మడతపడుతుంది. రబ్బరు సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. దారం అంత సాగలేదు, పుటుక్కున తెగుతుంది. తెగినచోట గాలి రబ్బరును బయటికి నెడుతుంది. నులక మంచంలో ఒక తాడు తెగితే బరువంతా పక్క తాళ్ల మీద పడినట్టు, మిగిలిన దారాలు అదనపు భారం మోస్తూ చక్రం తిరిగే ప్రతిసారీ వంగుతుంటాయి. చక్రం కిలోమీటరుకు ఐదువందల సార్లకు పైగా తిరుగుతుంది. లోపల రబ్బరు ప్యాచ్ అంటిస్తే తెగిన దారాలు అతుక్కోవు.

ఈ దారాల విషయంలో తొలితరం తయారీదారులూ పప్పులో కాలేశారు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ పేటెంటు పొందిన టైరులో రబ్బరు ట్యూబుకు కాన్వాసు తొడుగే బలం. నేతగుడ్డలో పడుగూ పేకా కలుసుకునే ప్రతిచోటా ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. టైరు వంగినకొద్దీ దారాలను దారాలే కోసేసేవి. తర్వాత పేక తీసేసి, దారాలను వరసగా పరచి, వాటి మధ్య రబ్బరు నింపడం నేర్చుకున్నారు. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొంది, 1949లో అమ్మకానికి తెచ్చిన రేడియల్ టైరులో పక్కగోడ దారాలన్నీ ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే దిశలో సాగుతాయి. ప్రయాణం మెత్తగా ఉండేది అందుకే. తెగినచోట కాపుకాయడానికి అడ్డదారం లేనిదీ అందుకే.

ఇంకో తమాషా ఉంది. కొత్త టైరు పక్కగోడ మీద రిమ్ము నుంచి ట్రెడ్ వైపు సన్నని సొట్ట ఒకటి కనిపిస్తే కొందరు గొడవకు దిగుతారు. తయారీలో దారాల పొరను గుండ్రంగా చుట్టి, రెండు కొసలనూ కొద్దిగా ఒకదానిపై ఒకటి వేస్తారు. అక్కడ దారాలు రెట్టింపు కాబట్టి ఆ చోటు తక్కువ ఉబ్బుతుంది. అది లోపం కాదు.

దారిలో టైరు మార్చాలంటే స్టెప్నీ కావాలి. అయితే 2020లో మార్చిన నిబంధనల ప్రకారం, గాలి ఒత్తిడిని కనిపెట్టే పరికరమూ రిపేరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. ఆ కిట్టులోని ద్రవం మేకు రంధ్రాన్ని పూడుస్తుంది. పక్కగోడ దెబ్బతింటే మాత్రం ఎందుకూ కొరగాదు, టోయింగ్ బండిని పిలవాల్సిందే.