కెచువా: లక్షల మంది మాట్లాడుతున్నా ముప్పు తప్పని భాష

2021 ఆగస్టు 26న పెరూ పార్లమెంటులో అప్పటి ప్రధాని గిడో బెయీదో తన ప్రసంగాన్ని కెచువాలో మొదలుపెట్టారు. అర్థం కావడం లేదంటూ కొందరు సభ్యులు గోల చేశారు. సభాధ్యక్షురాలు కలగజేసుకున్నారు. అది పరాయి దేశపు భాషేమీ కాదు. 2017 జనాభా లెక్కల ప్రకారం పెరూలో దాదాపు 38 లక్షల మందికి మాతృభాష.

పెరూలోనే కాదు, ఆండీస్ పర్వతాల వెంట బొలీవియా, ఈక్వెడార్‌లలోనూ, కొంతమేర కొలంబియా, అర్జెంటీనాలలోనూ కెచువా వినిపిస్తుంది. అన్ని దేశాల్లో కలిపి మాట్లాడేవారు 80 లక్షల నుంచి కోటి దాకా ఉంటారని అంచనా. అయితే ఇది ఒకే భాష కాదు, ఒక భాషా కుటుంబం. మధ్య పెరూ రైతు మాట దక్షిణాన ఉన్న కుస్కో వారికి సరిగా అర్థం కాకపోవచ్చు.

కెచువా వ్యాకరణం తెలుగువారికి మరీ కొత్తగా అనిపించదు. మనకూ దానికీ చుట్టరికం లేకపోయినా పోలికలున్నాయి. క్రియ సాధారణంగా వాక్యం చివరే వస్తుంది. మాటకు ప్రత్యయాలు ఒకదాని వెంట ఒకటి చేరతాయి: 'వాసి' అంటే ఇల్లు, 'వాసికున' ఇళ్లు, 'వాసికునపి' ఇళ్లలో. ఎదుటివారిని కలుపుకునే 'మనం', వారిని మినహాయించే 'మేము' అక్కడా వేరువేరు. వాన పడిందట అని మనం విన్న సంగతిని చెప్పినట్టే, అలా చెప్పడానికి కెచువాలోనూ ఒక ప్రత్యయం ఉంది. స్వయంగా ఎరిగినదానికి, ఊహించినదానికి కూడా విడివిడిగా ప్రత్యయాలున్నాయి.

దీన్ని ఇంకాల భాష అనడం పరిపాటి. నిజానికి ఇంకా సామ్రాజ్యం పుట్టకముందే ఇది మధ్య పెరూ నుంచి వ్యాపించిందని భాషావేత్తలు చెబుతారు. ఇంకాలు దాన్ని పాలనకు వాడుకున్నారు. వారి తర్వాత వచ్చిన స్పెయిన్‌వారూ మొదట్లో అదే చేశారు. మతం బోధించాలంటే జనం మాట రావాలి కదా! డొమింగో దె శాంతో తోమాస్ అనే మతగురువు 1560లోనే కెచువా వ్యాకరణాన్ని, నిఘంటువును అచ్చు వేయించాడు. 1584లో లిమాలో అచ్చయిన క్రైస్తవ బోధనా గ్రంథం స్పానిష్, కెచువా, అయమారా మూడింటిలోనూ ఉంది.

రెండు వందల ఏళ్లకు గాలి మారింది. 1780లో రెండవ తుపాక్ అమారు నాయకత్వంలో ఆండీస్ ప్రజలు తిరగబడ్డారు. మరుసటి ఏడాది కుస్కోలో ఆయన్ని చంపాక, వలస పాలకులు కెచువాను అణచివేసేందుకు ఆజ్ఞలు జారీ చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా బడి, కోర్టు, కచేరీ స్పానిష్‌లోనే నడిచాయి. 1975లో పెరూలోని వెలాస్కో సైనిక ప్రభుత్వం కెచువాను అధికార భాషగా ప్రకటించింది. తర్వాతి రాజ్యాంగాలు ఆ హోదాను అది ఎక్కువగా మాట్లాడే ప్రాంతాలకే పరిమితం చేశాయి.

ప్రభుత్వానికీ, సాయుధ తిరుగుబాటుదారులకూ మధ్య 1980లో మొదలైన ఘర్షణ ఈ నిర్లక్ష్యం ఎంత లోతైనదో బయటపెట్టింది. సుమారు 69 వేల మంది చనిపోవడమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగిందని సత్యశోధన కమిషన్ 2003లో అంచనా వేసింది. ఆ బాధితుల్లో నూటికి 75 మంది కెచువా లేదా మరో ఆదివాసీ భాష మాతృభాషగా గలవారు. దేశ జనాభాలో అలాంటివారు మాత్రం 1993 లెక్కల్లో నూటికి 16 మందే. చనిపోయినవారు తమవారు కారన్నట్టు రాజధాని లిమా చాలాకాలం నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయింది.

కొండల నుంచి లిమాకు వలస వచ్చిన తల్లిదండ్రులు పిల్లలకు కెచువా నేర్పకపోవడాన్ని ఈ చరిత్రతో కలిపి చూడాలి. యాసను బట్టి చులకన చేసే ఊళ్లో, తాము పడ్డ అవమానం పిల్లలు పడకూడదనుకున్నారు. అది భాష మీద ప్రేమ లేక కాదు.

ఇటీవల కొంత మార్పు వచ్చింది. మాతృభాషలో ప్రభుత్వ సేవలు పొందే హక్కును 2011 చట్టం గుర్తించింది. 2016 చివర్లో ప్రభుత్వ టీవీలో కెచువా వార్తలు మొదలయ్యాయి. 2019లో లిమాలోని శాన్ మార్కోస్ విశ్వవిద్యాలయంలో రొక్సానా కిస్పె కొయాంతెస్ తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథాన్ని కెచువాలోనే రాసి, అందులోనే సమర్థించుకున్నారు. రెనాతా ఫ్లోరెస్ లాంటి యువ గాయనులు ర్యాప్‌లోకీ ఆ భాషను తెచ్చారు.

ఒకప్పుడు కెచువా వస్తే పాలకుడికీ, మతగురువుకీ పని జరిగేది. అందుకే వారే నేర్చుకున్నారు. ఇప్పుడు ఆస్పత్రిలో నర్సుకూ, ఠాణాలో పోలీసుకూ, కోర్టులో జడ్జికీ ఆ అవసరం ఉందని చట్టం అంటోంది. దాన్ని వారు నిజంగా పాటించిన రోజు, పిల్లలకు కెచువా నేర్పమని తల్లిదండ్రులను ఎవరూ బతిమాలనక్కర్లేదు.