గినీపిగ్‌కు కణితి వస్తే ఇంట్లో ఏం చేయాలి?

గినీపిగ్‌లు మామూలుగా ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతాయి. చిన్న వయసులో వాటికి కణితులు రావడం అరుదు. మూడేళ్లు దాటాక ఆ ముప్పు పెరుగుతుంది. ఒళ్లు నిమురుతుండగా వీపు మీదో, పొట్ట కిందో, మెడ దగ్గరో చేతికి గట్టిగా ఏదో తగలడంతో సంగతి బయటపడుతుంది. అంతమాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. చర్మంలో పుట్టే కణితుల్లో చాలా భాగం ప్రమాదం లేనివే. ప్రమాదకరమైన కణితి ఉన్నప్పుడు కూడా తరచుగా ప్రాణం మీదికి ముందు తెచ్చేది కణితి కాదు. నొప్పి వల్ల జంతువు తిండి మానేస్తుంది, తిండి లేక పేగుల కదలిక ఆగిపోతుంది. అందుకే ఇంట్లో చేసే సేవలో సగానికి పైగా తిండి చుట్టూ, నొప్పి చుట్టూ తిరుగుతుంది.

ప్రతి గడ్డా కణితి కాదు

గినీపిగ్ చర్మంలో ఎక్కువగా కనిపించే కణితి ట్రైకోఫాలిక్యులోమా. ఇది వెంట్రుకల కుదుళ్ల నుంచి పుడుతుంది. నడుము భాగంలో, పిరుదుల దగ్గర గుండ్రంగా పెరుగుతుంది. ఒక్కోసారి పగిలి జిడ్డుగా, తెల్లగా ముద్దలాంటి పదార్థం బయటికి వస్తుంది. చూడటానికి భయం వేసినా ఇది క్యాన్సర్ కాదు. ఆపరేషన్ చేసి పూర్తిగా తీసేస్తే సాధారణంగా తిరిగి రాదు. కొవ్వు గడ్డలు కూడా ఇలాగే ప్రమాదం లేనివి.

చనుమొనల దగ్గర వచ్చే కణితుల విషయం వేరు. గినీపిగ్‌కు తొడల మధ్య, పొట్ట కింది భాగంలో ఒక్క జత చనుమొనలే ఉంటాయి. అక్కడ కణితి ఆడవాటికే కాదు, మగవాటికీ వస్తుంది. వీటిలో చెప్పుకోదగ్గ భాగం క్యాన్సర్ గడ్డలే కాబట్టి ఆలస్యం చేయకూడదు. వయసు మీరిన వాటిలో ఊపిరితిత్తుల్లో, గర్భాశయంలో, థైరాయిడ్ గ్రంథిలో కూడా కణితులు వస్తాయి. బాగా తింటున్నా చిక్కిపోతూ, మెడ కింద గడ్డ తగులుతుంటే థైరాయిడ్‌ను అనుమానించాలి. మెడ, చంకలు, గజ్జల్లోని లింఫ్ గ్రంథులు ఒకేసారి ఉబ్బితే రక్త క్యాన్సర్ కావచ్చు.

కణితిలా కనిపించి మోసం చేసేవీ ఉన్నాయి. మెడ కింద చీముగడ్డ వాటిలో మొదటిది. స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ జబ్బు పక్కనున్న గినీపిగ్‌లకు అంటుకుంటుంది. కణితి మాత్రం మనుషులకు గానీ తోటి జంతువులకు గానీ అంటుకోదు. వయసు వచ్చిన ఆడ గినీపిగ్‌ల అండాశయాల్లో నీటితిత్తులు చాలా మామూలు. పొట్ట రెండు వైపులా ఉబ్బి, పక్కల్లో వెంట్రుకలు రాలడం దీని గుర్తు. ముసలి మగవాటి మలద్వారం దగ్గర మెత్తటి పెంటికలు పేరుకుని గడ్డలా తయారవుతాయి. చేత్తో తడిమి వీటి మధ్య తేడా తేల్చడం యజమాని వల్ల కాదు.

పరీక్ష, ఆపరేషన్

సన్నని సూదితో గడ్డలోంచి కొద్దిగా కణజాలం తీసి మైక్రోస్కోపు కింద చూడటం మొదటి మెట్టు. లోపలి కణితుల కోసం, వ్యాప్తి తెలుసుకోవడం కోసం ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ తీస్తారు. కుక్కలు, పిల్లులు చూసే ప్రతి డాక్టరుకూ గినీపిగ్‌లతో అనుభవం ఉండదు. కుందేళ్లు, పక్షులు, చిన్న జంతువులకు వైద్యం చేసేవారిని వెతికి పట్టుకోవడం మేలు. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో వాకబు చేయవచ్చు.

ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది వయసు, బరువు, గడ్డ ఉన్న చోటు, అది పెరిగే వేగం మీద ఆధారపడుతుంది. బాగా తింటూ చురుగ్గా ఉన్న మూడు నాలుగేళ్ల గినీపిగ్‌కు చర్మపు గడ్డ చిన్నగా ఉన్నప్పుడే తీయించడం మంచిది. ఆరేళ్లు దాటి, చిక్కిపోయి, ఊపిరి కష్టంగా తీస్తున్నదానికి మత్తుమందే ప్రమాదం కావచ్చు. కీమోథెరపీ వంటి చికిత్సల్లో ఈ జంతువులతో వైద్యులకున్న అనుభవం తక్కువ. ఆపరేషన్ వద్దనుకున్నా సేవ ఆగదు. నొప్పి లేకుండా, కడుపు నిండా తింటూ ఉన్నన్నాళ్లు హాయిగా బతికేలా చూడటం దాని ఉద్దేశం.

ఆపరేషన్‌కు ముందు కుక్కలకు చేసినట్లు రాత్రంతా పస్తు ఉంచకూడదు. గినీపిగ్ వాంతి చేసుకోలేదు, పస్తు దాని పేగులకు హాని చేస్తుంది. ఇంటికి తెచ్చాక కొన్ని గంటల్లోనే తినడం మొదలుపెట్టాలి. కుట్లు ఎర్రబడటం, తడి కారడం, ఊడిపోవడం గమనిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రోజూ తూకం

ఇంట్లో ఉండవలసిన ముఖ్యమైన పరికరం గ్రాముల్లో చూపే వంటింటి డిజిటల్ త్రాసు. గినీపిగ్‌లు సహజంగా వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణులు కాబట్టి బలహీనతను దాచుకుంటాయి. కంటికి ఏ తేడా కనిపించకముందే బరువు తగ్గుతుంది. రోజూ ఒకే వేళకు గిన్నెలో కూర్చోబెట్టి తూచి, నోటు పుస్తకంలో రాయాలి. తొమ్మిది వందల గ్రాముల జంతువు కొద్ది రోజుల్లో తొంభై గ్రాములు, అంటే పదో వంతు తగ్గితే వైద్యుడిని కలవవలసిన సమయం అది.

తూకం ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. గడ్డ పెరుగుతూ, ఒంట్లో కండ కరుగుతూ ఉంటే మొత్తం బరువు మారదు. కాబట్టి వారానికోసారి వెన్నెముక, తుంటి ఎముకలు చేత్తో తడిమి చూడాలి; అవి మొనదేలినట్లు తగిలితే జంతువు చిక్కిపోతున్నట్లే. అదే రోజున గడ్డను టేపుతో కొలిచి, పక్కన రూపాయి నాణెం పెట్టి ఫొటో తీసి ఉంచితే పెరుగుదల వైద్యుడికి స్పష్టంగా తెలుస్తుంది. గడ్డను పిసకడం, సూదితో పొడవడం, దారం కట్టడం చేయకూడదు. పెంటికల సంఖ్య, పరిమాణం కూడా చూడాలి. అవి చిన్నవై, తక్కువైతే తిండి తగ్గిందన్నమాట.

తిండి ఆగకూడదు

గినీపిగ్ పేగులు రాత్రీపగలూ కదులుతుండాలి, అందుకు పీచు కావాలి. ఆరోగ్యంగా ఉన్నా జబ్బుగా ఉన్నా ఆహారంలో సింహభాగం ఎండుగడ్డే. తిమోతి గడ్డి దొరికితే సరే. లేదంటే మందు చల్లని చోటి నుంచి తెచ్చిన గరిక వంటి పచ్చగడ్డి కడిగి పెట్టవచ్చు. లూసర్న్ గడ్డిలో కాల్షియం ఎక్కువ కాబట్టి పెద్దవాటికి మూత్రాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉంది. బాగా చిక్కిన జంతువుకు మాత్రం వైద్యుడి సలహాతో కొన్నాళ్లు కొద్దిగా ఇవ్వవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అన్నం, బిస్కెట్లు పెట్టకూడదు.

మనిషిలాగే గినీపిగ్ కూడా విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేదు. నార్వే శాస్త్రవేత్తలు ఆక్సెల్ హోల్స్ట్, థియోడార్ ఫ్రోలిష్ 1907లో ఈ జంతువుల్లోనే స్కర్వీ జబ్బును గుర్తించారు. ఆరోగ్యంగా ఉన్నదానికి కిలో బరువుకు రోజుకు సుమారు 10 నుంచి 30 మిల్లీగ్రాములు చాలు. జబ్బుగా ఉన్నప్పుడు 50 మిల్లీగ్రాముల దాకా అవసరమవుతుంది. క్యాప్సికం ముక్క, కొత్తిమీర, జామకాయ పలుచని ముక్క మంచి ఆధారాలు. పండ్లలో చక్కెర ఉంటుంది కాబట్టి కొద్దిగానే పెట్టాలి. తాగే నీళ్లలో విటమిన్ కలపడం వల్ల ప్రయోజనం తక్కువ: అది త్వరగా చెడిపోతుంది, రుచి మారి జంతువు నీళ్లు మానేసే ప్రమాదం కూడా ఉంది.

పన్నెండు గంటలు ఏమీ తినకపోతే దాన్ని అత్యవసరంగా చూడాలి. వైద్యుడికి ఫోన్ చేసి, పొట్టలో అడ్డంకి లేదని నిర్ధారించుకున్నాక సిరంజితో తినిపించడం మొదలుపెట్టాలి. ఇందుకు క్రిటికల్ కేర్ వంటి పీచు పొడులు ఉన్నాయి. అవి అందకపోతే గినీపిగ్ పెల్లెట్లను మెత్తగా పొడిచేసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి జావలా చేయవచ్చు. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 80 మిల్లీలీటర్ల జావ సాధారణ లెక్క. దాన్ని నాలుగు నుంచి ఆరు విడతలుగా పంచాలి.

తినిపించే పద్ధతి సరిగా లేకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టకూడదు. తువ్వాలు చుట్టి, నాలుగు కాళ్లూ కింద ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టాలి. ఒక మిల్లీలీటరు సిరంజిని ముందు పళ్ల వెనక, బుగ్గ పక్క నుంచి లోపలికి పెట్టి, ఒకసారికి అర మిల్లీలీటరు కంటే ఎక్కువ వదలకూడదు. నమిలి మింగాకే తర్వాతి మోతాదు. చివర నోటి చుట్టూ తడి గుడ్డతో తుడవాలి. ఎదుట ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి. నమలడం మానేస్తే జీవితాంతం పెరిగే పళ్లు అరగక కొత్త సమస్య వస్తుంది.

నొప్పి, మందులు

గినీపిగ్ సాధారణంగా నొప్పికి అరవదు, మౌనంగా మారుతుంది. ఒక మూల ముడుచుకుని కూర్చోవడం, బొచ్చు నిక్కబొడుచుకోవడం, కళ్లు సగం మూయడం, పళ్లు కొరకడం, తిండి ఆశతో ఫ్రిజ్ తలుపు చప్పుడుకు పెట్టే కూత మానేయడం నొప్పి గుర్తులు. మెలాక్సికామ్ ద్రవరూపంలో తరచుగా రాసే నొప్పి మందు. మోతాదు బరువును బట్టి వైద్యుడే లెక్కకట్టాలి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్, డైక్లోఫెనాక్ మాత్రలు విరిచి ఇవ్వడం ప్రాణాంతకం కావచ్చు.

యాంటీబయాటిక్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పిల్లల కోసం తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ చాలా ఇళ్లలో ఉంటుంది. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే గినీపిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, విషం తయారుచేసే బ్యాక్టీరియా విజృంభిస్తుంది. కొద్ది రోజుల్లో జంతువు చనిపోవచ్చు. పుండుపై పూసిన ఆయింట్‌మెంటును కూడా అది నాకేస్తుంది కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్‌-సల్ఫా వంటివి సురక్షితంగా వాడతారు గానీ అవీ వైద్యుడు రాస్తేనే.

పుండు, పడక, ఈగలు

గడ్డ పగిలితే నార్మల్ సెలైన్‌లో ముంచిన శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా తుడిచి ఆరనివ్వాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్, డెట్టాల్ వాడకూడదు. పసుపు ముద్ద పెడితే పుండు కనిపించదు, అది నోట్లోకీ పోతుంది. రంపపు పొట్టు పుండుకు అంటుకుంటుంది. దానికి బదులు మెత్తటి ఫ్లీస్ గుడ్డ గానీ పాత తువ్వాళ్లు గానీ పరిచి రోజూ మార్చాలి. పొట్ట కింద కణితి వేలాడుతుంటే నేల గరుకుగా ఉండకూడదు, తిండి గిన్నె, నీళ్ల సీసా అడుగు దూరంలోనే అందాలి.

వేసవిలో, వానాకాలంలో పుండును మాననివ్వని పెద్ద శత్రువు ఈగ. తడి, వాసన ఉన్న చోట గుడ్లు పెడితే ఒక రోజులోనే పురుగు పడుతుంది. రోజుకు రెండుసార్లు పుండును, వెనక భాగాన్ని చూసి, మూత్రం, మలం అంటుకుని ఉంటే కడిగి ఆరబెట్టాలి. పంజరానికి దోమతెర కట్టడం మంచి పని. పురుగు కనిపిస్తే ఇంటి చిట్కాలు వద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గినీపిగ్‌కు 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ అనువైన ఉష్ణోగ్రత. 27 దాటితే వడదెబ్బ ముప్పు మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే మన ఊళ్లలో జబ్బుపడ్డదాన్ని ఇంట్లో చల్లని గదిలో ఉంచాలి. గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పంజరంలో పెడితే దాని పక్కన సేదదీరుతుంది. జోడీగా పెరిగిన వాటిని విడదీయకూడదు. ఇవి మంద జంతువులు. స్విట్జర్లాండ్ చట్టం వీటిని ఒంటరిగా పెంచనివ్వదు. తోటిది పుండును కొరుకుతుంటే మాత్రం మధ్యలో జాలీ పెట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచాలి.

చివరి రోజులు

మానని కణితితో ఉన్న జంతువుకు రోజువారీ పుస్తకమే మంచి సాక్ష్యం. సొంతంగా తిన్నదా, తోటిదాని దగ్గరికి వెళ్లిందా, చేతికి స్పందించిందా, ఊపిరి తేలిగ్గా ఉందా అని ప్రతి సాయంత్రం రాసుకుంటే మంచి రోజులు ఎక్కువా చెడ్డవి ఎక్కువా అన్నది తేలిపోతుంది. సిరంజి లేకుండా తిండి తినలేకపోవడం, నొప్పి మందుకు లొంగని బాధ, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే సుఖమరణం గురించి వైద్యుడితో మాట్లాడాలి. ముందు మత్తు ఇచ్చి చేస్తే జంతువుకు బాధ తెలియదు. ఆ నిర్ణయం సేవలో భాగమే గానీ సేవను వదిలేయడం కాదు.

ఈ కష్టమంతటినీ కొంతవరకు తగ్గించేది ముందుగా గమనించడం. మూడేళ్లు దాటిన ప్రతి గినీపిగ్‌నూ వారానికోసారి తూచి, మెడ నుంచి పిరుదుల దాకా, పొట్ట కింద చనుమొనల చుట్టూ తడిమి చూడాలి. గడ్డ బఠాణీ గింజంత ఉన్నప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.