నాపరాయి కింద నీటి లెక్క

మహానంది కోనేట్లో అడుగున పడ్డ నాణెం పైకి కనిపిస్తుంది, నీళ్లు అంత తేటగా ఉంటాయి. నల్లమల మీద కురిసిన వాన రాతి పగుళ్లలోకి దిగి, కొండ పాదాన ఊటగా పైకొస్తుంది. ఆ నీరే గుడి దాటి అరటి తోటలకు పారుతుంది.

నంద్యాల దాటి పడమరకు, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు వెళ్తే నేల కింద నాపరాయి, సున్నపురాయి. సున్నపురాయిని నీరు కరిగించుకుంటూ తన దారి తానే తొలుచుకుంటుంది. బెలుం గుహలు అలా ఏర్పడినవే. అందుకే ఒకరి బోరులో దండిగా నీళ్లు పడితే, గట్టు అవతల అంతే లోతు దింపిన బోరులో దుమ్ము లేస్తుంది. అనంతపురం వైపు గ్రానైటు. అక్కడ నీళ్లుండేది పైనున్న మొరంలో, దాని కింది పగుళ్లలో. గట్టి బండ తగిలాక ఎంత లోతుకు పోయినా చాలాసార్లు అప్పే మిగులుతుంది.

అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోటల్లా నీళ్లుంటాయని నమ్మి బోరు వేయించి చితికిపోయిన కుటుంబాలు సీమలో ఎన్నో. వాళ్లను తప్పుపట్టలేను. కాళ్ల కింద ఏ రాయి ఉందో వాళ్లకు విడమరిచి చెప్పిందెవరు?

ఆ పనికి పూనుకున్న సంస్థల్లో నంద్యాలకు చెందిన ‘బర్డ్స్’ ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో, మరికొన్ని చిన్న స్వచ్ఛంద సంస్థలను కలుపుకుని, ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే నడిపే భూగర్భజల పథకాన్ని చేపట్టింది. ఊరి పొలిమేర చూసి వాన ఇంకదు కాబట్టి, వాగు పరీవాహకాన్నే లెక్కకు తీసుకున్నారు. రైతులు, ఆడవాళ్లతో సహా, రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోరుల్లో నీటిమట్టం చూశారు. డ్రమ్ము నిండడానికి పట్టే సెకన్లను బట్టి మోటారు ఎంత పోస్తోందో లెక్కగట్టి, ఆ అంకెలు ఊళ్లో బోర్డు మీద రాశారు.

రబీకి ముందు అందరూ కూర్చునేవారు. ఎంత ఇంకింది, ఎంత తోడాం, ఇంకెంత మిగిలింది? ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్ల పైమాటే. గ్రానైటు నేలల్లో అందులో కిందికి చేరేది పదో వంతు, అటూ ఇటూగా. ఎకరం వరికి పట్టే నీటితో రెండెకరాల వేరుశనగ పండుతుంది. వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క ముందుంది, నిర్ణయం రైతుది. ఈ పద్ధతిని ప్రపంచ బ్యాంకు 2010 నాటి నివేదికలో మెచ్చుకుంది.

పథకం ముగిశాక చాలాచోట్ల కొలతలు ఆగిపోయాయని తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులు రాశారు. నాకు బాధ కలిగించేది ఇదే. నేర్చుకున్న రైతులు ఊళ్లోనే ఉన్నారు. ఆ కొలతలను ఏటా నడిపే బాధ్యత పంచాయతీలు తీసుకోవాల్సింది.

బోరున్న ప్రతి రైతుకూ ఒక మనవి. రేపు తెల్లవారుజామున, మోటారు వేయకముందే, బోరులోకి టేపు దించి చూడండి. నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయో తారీఖుతో సహా స్టార్టరు డబ్బా మీద రాయండి. పదిహేను రోజులకు మళ్లీ కొలవండి.