కరువులో కాలువ తవ్విన చేతులు

ఒంగోలు: పట్టణానికి తూర్పున, సముద్రం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువలో పడవలు తిరగడం మాని చాలాకాలమైంది. చాలాచోట్ల పూడిపోయింది కూడా. ఈ ప్రాంతంలో అందులో మూడు మైళ్లకు పైగా తవ్వింది ధాత కరువులో తిండి లేక వచ్చిన పేదలేనన్న సంగతి ఈ తరంలో ఎందరికో తెలియదు.

1876లో వానలు మొహం చాటేశాయి. కరువు 1878 దాకా పీడించింది. దాని వెంటే కలరా వచ్చింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. రైతుకే గింజ లేనప్పుడు, కళ్లంలో ఇచ్చే మేర మీద బతికే మాదిగపల్లెల గతి వేరే చెప్పాలా! చెప్పులు, కపిలె బానలు కుట్టి ఇచ్చి గింజలు తెచ్చుకునే కుటుంబాలవి. ఎడ్లు చచ్చిపోయాక కపిలె తోలేదెవరు? బాన అడిగేదెవరు?

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. కాలువ అందులో ఒకటి. అయితే పనికి వెళ్లిన అంటరానివారికి అక్కడా మేస్త్రీల తిట్లు, ఈసడింపులే ఎదురయ్యాయి. 1866 నుంచి ఒంగోలులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఇది చూసి, కాలువలో ఒక భాగం తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిషన్ పనికి రాకముందు ఆయన తన దేశంలో సర్వే పని చేసినవారు. కొలతలు ఆయనకు కొత్త కాదు.

పని మీద మేస్త్రీలుగా ఆయన తన సంఘంలోని తెలుగు బోధకులనే నిలిపారు. అసలు విశేషం ఇదే. పారపట్టినవాడూ, తట్ట మోసిన ఆడమనిషీ ఎవరి బిడ్డలో, ఏ పల్లెవారో వారికి తెలుసు. అలసి కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని కష్టసుఖాలు అడిగేవారు, క్రీస్తు మాట చెప్పేవారు. ఆ కబురు ఊరూరా పాకి, ఎక్కడెక్కడి నుంచో జనం నడిచి వచ్చారు. కూలి డబ్బులు ఎంత ఆదుకున్నాయో, మనిషిగా పలకరించిన ఆ పలకరింపూ అంతే ఆదుకుంది.

బాప్తిస్మం ఇమ్మని అడిగినవారికి మాత్రం క్లౌ దొర ఒప్పుకోలేదు. సాయం అందుతున్నంతకాలం, సుమారు పదిహేను నెలలు, ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. అయినా ఆ మాట వచ్చింది, ఇప్పటికీ వినిపిస్తుంది. పెట్టిన చేతిని పేదవాడు మరిచిపోడు కాబట్టి అందులో కొంత నిజం ఉన్నా ఉండవచ్చు. కానీ సాయం ఆగిపోయాక వచ్చినవారిని ఏమనాలి?

1878 జూన్‌లో ఇక సాయం లేదని చెప్పి పంపించాలనే క్లౌ అనుకున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చిన జనం కదల్లేదు. తమకు డబ్బు అక్కర్లేదని, కష్టపడి బతుకుతామని, సంఘంలో చేర్చుకుంటే చాలని పట్టుబట్టారు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది ఏటిలో బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా ఏట్లోకి దిగారు.